చిలుకమ్మ ఆపరేషన్ ఏ రకం?

కొత్తవాడ రాజమల్లుకు ఒక్కటే జబ్బు. కళ్లెదుట ఏం జరిగినా అది ఇటలీ ఒపెరాల్లో ఏ రకమో తేల్చందే కుదురుగా కూర్చోలేడు. పదేళ్లుగా ఫోన్లో ఆ పాటల నాటకాలు పెట్టుకునే దర్రీలు నేస్తున్నాడు. ఆ భాష ఒక్క ముక్క రాదు, రకాలు మాత్రం నోటికొచ్చు.

నల్లా దగ్గర బిందెల కొట్లాట మొదలైతే చాలు, మగ్గం దిగి ఉరికొస్తాడు. "బఫా! మామూలు జనం, నవ్వులాట!" పెళ్లిలో తాళికీ భోజనాలకూ నడుమ బావమరుదులు అలిగితే అది ఇంటర్మెజ్జో. నాయకుడు గంభీరంగా చెప్పిన మాటే మళ్లీ మళ్లీ తిప్పి చెబితే, రాజులూ దేవుళ్లూ పాడే సీరియా.

"మరి పప్పు మాడింది. గదేం రకం?" అంది భార్య చిలుకమ్మ ఓరోజు ఒళ్లు మండి.

"రాజులు, దేవుళ్లు లేరు గద, సీరియా గాదు. జర ఆగు, ఆలోచిస్త," అంటూ గరిటె పట్టుకుని వాకిలిదాకా మూడుసార్లు తిరిగాడు. చిలుకమ్మ పచ్చడేసుకుని తినేసింది.

అలాంటి మనిషి, హనుమకొండ దవాఖానలో ఆమెకు గర్భసంచి ఆపరేషన్ తప్పదన్న రోజు నుంచి వారమైనా అది ఏ రకమో తేల్చలేదు. మగ్గం మీద పట్టుమని పది నిమిషాలుండడు, ఎటో పోతాడు, వస్తాడు. చిలుకమ్మకు ఆపరేషన్ కన్నా అదే ఎక్కువ భయం పుట్టించింది. మాడిన పప్పును కూడా వదలనివాడు దీనికి పేరు పెట్టడం లేదంటే, తను ఇక ఇంటికి రాదనే కదా?

ఆపరేషన్ రోజు పొద్దున స్ట్రెచర్ మీంచి అతని చెయ్యి పట్టుకుంది. "ఏమయ్యా, గింతకూ నాదేం రకం?"

"సెమీ సీరియా!" అన్నాడు తడుముకోకుండా. "అండ్ల భయముంటది, ఏడుపుంటది. గని ఆఖరికి అంత మంచిగనే అయితది. రూలు!"

"రూలెవలు పెట్టిండ్రు?"

"ఇటలోళ్లు. ఫికర్ చెయ్యకు, పో."

ఆమె కళ్లు తెరిచేసరికి పక్కన కూతురు పద్మలత ఉంది.

"నాయిన ఏడి?"

"బయట తిరుగుతాండు. వారం సంది దినాం డాక్టర్ దగ్గరికొచ్చి నీ సంగతే అడిగిండట. పక్కా తెలువంది నీకు రకం చెప్పనన్నడట. గిది జూడు, ఆపరేషన్‌కు ఒప్పుకుంట నాయిన పొద్దుగాల సంతకం పెట్టిన కాయితం."

'ప్రాణాపాయం కలగవచ్చు' అన్న అచ్చు అక్షరాలను రాజమల్లు కొట్టేశాడు. పక్కన వంకర రాతలో, 'సెమీ సీరియా. ఆఖరి అంకంలో చిలుకమ్మ నడుచుకుంట ఇంటికి పోవాలె.' దాని కింద డాక్టర్ సంతకం!

"డాక్టర్ సంతకం పెట్టేదాక నాయిన కత్తి ముట్టనియ్యలే," అంది పద్మలత.

ఇన్నేళ్లూ విసుక్కున్న మనిషి మీద చిలుకమ్మకు ప్రేమ పొంగుకొచ్చింది, దాంతోపాటే నవ్వూ వచ్చింది. కుట్లు గుంజుతున్నా ఆగలేదు. తలుపు సందులోంచి రాజమల్లు కంగారుగా తల పెట్టాడు.

"నవ్వకే! గట్ల నవ్వితే బఫా అయితది. మల్ల డాక్టర్‌తోని సంతకం పెట్టియ్యాలె!"