చెవిదుద్దుల వెనక పడ్డ ముసలావిడ

2006 డిసెంబరులో మావారి ఆఫీసు పని మీద మాంట్రియల్‌లో ఉన్నాం. అనకాపల్లిలో బయల్దేరేటప్పుడు మా అత్తయ్య ఒకటే చెప్పింది: "ఊరుకాని ఊరు. సెవులకి బంగారం ఉంది, జాగర్తమ్మా."

క్రిస్మస్ రోజు మంచు చూద్దామని వీధిలోకి వెళ్ళాం. ఉన్ని టోపీ నా కొప్పు మీద ఇమడలేదని గదిలోనే వదిలేశాను. ఎదురుగా వస్తున్న ఒక ముసలావిడ నా చెవుల వంకే చూసి వెనక్కి తిరిగింది.

"ఏటండీ, ఆవిడ మనెనకాలే వత్తంది."

"నీకన్నీ అనుమానాలే. పండగ కదా, ఎవరింటికో ఎల్తన్నాదేమో."

నేను నడక పెంచాను. ఆవిడా పెంచింది. మలుపు దగ్గర అందుకుని, ఫ్రెంచిలో ఏదో అంటూ నా చెవి పట్టుకుంది. ఆవిడ చెయ్యి కళ్ళకి కనిపిస్తోంది గానీ చెవికి తెలియడం లేదు. దుద్దు లాగేసిందనుకుని కెవ్వుమన్నాను.

మావారు తిరిగి చూసి కంగారుపడ్డారు. "నీ సెవేటే, సున్నం కొట్టినట్టు తెల్లగా అయిపోనాది? సలికి గడ్డకట్టేసింది."

ఆవిడ తన టోపీ తీసి నా చెవులు మూసుకునేలా తొడిగి, నెరిసిన జుట్టు మీద మంచు రాలుతుండగా వెళ్ళిపోయింది.

నా అనుమానం మాత్రం పోలేదు. ఇప్పటికీ మా బజారులో ఎవరైనా వెనకాలే నడిస్తే చెయ్యి దుద్దు మీదికే పోతుంది. కానీ ఆ టోపీని బీరువాలో బంగారం పక్కనే దాచుకున్నాను.