వరుసలో కొళాయి సార్ రాయి

కొత్త కాలనీ నీళ్ల పైపులు మున్సిపల్ చైర్మన్ గారు ఎత్తుకుపోయారు. నిన్ననే. కమిషనర్ నాగభూషణం సార్ శవం ఇంకా క్వార్టర్స్ వరండాలో ఉండగానే.

ముందు ఈ మాట రాయనీయండి. ఏడుపు తర్వాత.

నిన్న పొద్దున ఎస్సెమ్మెస్ వచ్చింది. "సార్ పోయినాడు."

ఏ సార్ అని తిరిగి కొట్టాను.

"కొళాయి సార్."

మన ఊళ్లో మున్సిపల్ కమిషనర్‌ను ఆ పేరుతో తప్ప ఎవరు పిలిచారు? గుండెపోటు అన్నారు. నోట్లో బ్రష్‌తోనే క్వార్టర్స్‌కు పరిగెత్తాను.

నువ్వా ఆయనకు నివాళి రాసేది అని కొందరు నవ్వుతారు. అవును, నేనే. ఆయన్ని చూసి నేను కుళ్లుకున్నంతగా ఈ ఊళ్లో ఎవరూ కుళ్లుకోలేదు. ఇది టైపు చేస్తూ కూడా కుళ్లుకుంటున్నాను.

ఇంతకీ ఆయన చేసిందేమిటి? నీళ్లు వదిలే రోజు పొద్దున్నే కాలనీ మలుపులో కొళాయి దగ్గరికి వచ్చి నిలబడటం. అంతే.

మన వరుస సంగతి తెలిసిందే కదా. ముందు రోజు సాయంత్రమే తలా ఒక రాయి పెట్టి వంతు పట్టుకుంటాం. తెల్లారేసరికి రాళ్ల వెనక బిందెలు, బిందెల వెనక మనుషులు. నీళ్లొచ్చేదాకా ఎవరూ కదలరు. సరిగ్గా అప్పుడు ఈయన స్కూటర్ దిగేవారు. మైకు లేదు, టెంటు లేదు.

"ముందు కానివి చెప్తా. అయినవి తర్వాత."

ఎప్పుడూ అదే మొదలు.

"మార్కెట్ యార్డు రోడ్డు కాలేదు. కంకర వచ్చింది, తారు రాలేదు. ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో కంచె ఉండాది, ఫ్యాక్టరీ లేదు. ఫ్యాక్టరీ వస్తాదని ప్లాట్లు అమ్మేటోళ్ల మాటినుకొని శెనక్కాయ చేన్లు ఇడుసుకోవద్దండి. నాకే తెల్దు, వాళ్లకెట్ల తెల్సు?"

"పోయిన తూరి గూడ తారు రాలేదనే చెప్తివి కదా సార్!" అని ఆడవాళ్లు తగులుకునేవాళ్లు.

"ఈ తూరి గూడ అదే నిజమమ్మా, ఏం జేయల్ల?"

వరుసంతా నవ్వు. తారు రాలేదని చెప్పి నవ్వించిన ఆఫీసర్ను ఇంకెక్కడైనా చూశారా? నాకు మాత్రం కడుపు మండేది. కరువు గురించి, నీటి హక్కు గురించి చదివింది నేను. రాసింది నేను. పాంప్లెట్లు అచ్చు వేయించి గోడగోడకూ అంటించింది నేను. జనం ఆయన దగ్గర.

మా అమ్మ సంగతి చెప్తాను. నా పాంప్లెట్లలో వేయించిన శెనక్కాయలు పొట్లం కట్టేది. ఆయన చెప్పింది మాత్రం సాయంత్రం మా నాయనకు పొల్లు పోకుండా ఒప్పజెప్పేది.

"మనోడు అరిస్తే తలకాయ నొప్పి. ఆయప్ప చెప్తే అర్థమైతాది."

నా ముందే అనేది!

ఇక మా 'జలహక్కు సభ'. అద్దె కుర్చీలు, టెంటు, మైకు, ఎర్ర బ్యానర్. టైముకు మేం నలుగురు మిత్రులం, టెంటు మనిషి. ఇంకెవరూ రాలేదు. కాసేపటికి కొళాయి వైపు నుంచి స్కూటర్ వచ్చి ఆగింది. కమిషనర్ సార్ వచ్చి వెనక వరుసలో కూర్చున్నారు, చేతిలో మా పాంప్లెట్.

"ఏమప్పా, నీళ్లొచ్చే టైముకు నీళ్ల మీటింగ్ పెడితివే. ఈడికొస్తే నీళ్లు ఎవురు పట్టుకోవల్ల?"

మిత్రులు పగలబడి నవ్వారు. ఆ టైము పెట్టింది నేనే.

"నీళ్లు ప్రజల హక్కు సార్! మీరిచ్చే బిచ్చం కాదు!" అని అరిచాను.

"కరెక్టే కదప్పా. ఆ మాట కొళాయి కాడికొచ్చి చెప్పు. వరుసలో రాయి పెట్టుకో, నీ వంతు వస్తాది."

నేను పోలేదు. ఆయన పిలిస్తే నేను పోవాలా?

పోయిన వారం అమ్మకు జ్వరం. బిందె పట్టుకుని వరుసలో నిలబడక తప్పలేదు. అదే ఆయన చివరి అప్‌డేట్.

"కొత్త కాలనీ లైన్ కాలేదు. పైపులు వచ్చి పడినాయి, గుంత తవ్వల్ల. ఈ పైపులు మీవి. ఎవురన్నా ఎత్తకపోతాంటే యాడికి అని అడగండి. పది మంది అడిగితే సాలు."

ఎందుకలా అన్నారో నిన్న తెలిసింది.

ఊరంతా క్వార్టర్స్ దగ్గర ఉంది. కాలనీలోకి ట్రాక్టర్ వచ్చింది. జ్వరం ఇంకా తగ్గక ఇంట్లో ఉన్న అమ్మ ఒక్కతే అడ్డం పోయింది.

"యాడికప్పా?"

"చైర్మన్ చెప్పినాడు. హైవే మింద వాళ్ల బామ్మర్ది వెంచర్‌కు. తప్పుకో పెద్దమ్మా."

సగం పోయాయి. మిగతా సగానికి రేపు పొద్దున వస్తారట. సాయంత్రానికి బస్టాండులో 'కన్నీటి నివాళి' ఫ్లెక్సీ లేచింది. అందులో సార్ ఫోటో కంటే చైర్మన్ ఫోటో పెద్దది.

మిమ్మల్ని చూడ్డానికి వచ్చినవాళ్లు క్వార్టర్స్ ముందు విడిచిన చెప్పులు గేటు దాటి రోడ్డు మీదికి వచ్చాయి సార్. అక్కడ కూడా ఏడుస్తూ కుళ్లుకున్నాను. నేను పోతే టెంటు మనిషి వస్తాడేమో, అదీ కుర్చీలు తీసుకుపోవడానికి.

మిత్రులారా, రేపు నీళ్లు వదిలే రోజు. పొద్దున ఆరు గంటలకు కాలనీ మలుపులో కొళాయి దగ్గరికి రండి. మిగిలిన పైపులు దాని పక్కనే ఉన్నాయి. బిందెలు తెచ్చుకోండి, నీళ్లూ పట్టుకోవచ్చు. ట్రాక్టర్ రాగానే అందరం కలిసి ఒకే మాట అడుగుదాం. యాడికి?

ఈసారి టైము సరిగ్గానే పెట్టాను సార్.

సాయంత్రమే రాళ్లు పెట్టి వచ్చాను. మొదటిది మీది, దాని వెనక నాది. చచ్చిపోయి కూడా మొదటి వంతు మీదే. దానికీ కుళ్లుగానే ఉంది.

ప్రశాంతంగా పడుకోండి సార్. రేపు కానివి నేను చెప్తాను.