అన్న పెట్టిన ఆఖరి టంకం

మా అన్న పోయాడని దవాఖాన నుంచి వదిన ఫోన్ చేసినప్పుడు నేను దేవుని ముందు దీపం పెడుతున్నాను. వత్తి వెలిగించానో లేదో గుర్తు లేదు. అన్న గురించి నోటితో చెప్పబోతే సగంలోనే ఏడుపు వచ్చేస్తోంది. అందుకే, బడి విడిచాక కలం పట్టని నేను, మన ఇంటివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

శంషాబాద్‌లో అన్నకు కార్ల వైరింగ్ షెడ్డు ఉండేది, వెనకే ఇల్లు. తెగిన తీగలను మెలిపెట్టి, టంకం కరిగించి అతికేవాడు. అది చల్లారేదాకా మాట్లాడేవాడు కాదు. ఎవరొచ్చినా కళ్లతోనే కూర్చోమనేవాడు.

మా ఆయన ఎయిర్‌పోర్టుకు క్యాబ్ నడుపుతారు. ఒక పొద్దున ప్రయాణికులతో పోతుంటే కారు నడిరోడ్డు మీద ఆగిపోయింది. వెనక వస్తున్న లారీ వెంట్రుకవాసిలో తప్పుకుంది. బానెట్ ఎత్తి చూస్తే, అన్న అతికిన తీగ టంకం పక్కనే తెగి ఉంది.

అన్న ఆ రోజు అన్నం ముట్టలేదు. "టంకం పెట్టిన కాడ తీగ కట్టెలెక్క బిగుస్తది చెల్లె. బండి ఊగుతది, అది ఊగదు. ఇగ పక్కపొంటి తెగుతది" అన్నాడు.

అప్పటి నుంచి క్రింపింగ్ మొదలుపెట్టాడు. చిన్న రాగి గొట్టంలో రెండు తీగల కొసలూ దూర్చి, పట్టకారుతో నొక్కడం. మా ఆయన ఊరుకుంటారా! వాళ్లిద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు.

"ఇన్నేండ్లు టంకం పెట్టినోనివి, ఇప్పుడు చెవులు కుట్టినట్టు గీ నొక్కుడేంది బావా?"

"నీ నోరు గూడ నొక్కుత, దా బావా" అని అన్న నవ్వేవాడు. నొక్కిన తీగను నా చేతికిచ్చి, "లాగు చెల్లె. నీ మాట లెక్క మెల్లగ గాదు, గట్టిగ లాగు" అనేవాడు.

తను టంకం పెట్టిన బండ్లన్నీ గుర్తు చేసుకుని, ఫోన్లు చేసి పిలిపించాడు. "మంచిగనే నడుస్తుంది గదన్నా, పరేషాన్ ఎందుకు?" అని డ్రైవర్లు అంటే, "నాకు నిద్ర పట్టాలె గద" అనేవాడు. దవాఖాన మంచం మీద కూడా అదే చింత. "బడంగ్‌పేట్ బండి ఒక్కటి రాలే చెల్లె. వస్తే టంకం తీసేసి గొట్టం నొక్కమని బావకు చెప్పు, నేర్పిన గద."

అది మొన్న వచ్చింది. షెడ్డు ముందు హారన్ కొట్టి, "అన్నా!" అని పిలిచాడు డ్రైవర్. నేనే బయటికి వెళ్లి చెప్పాను. అతను స్టీరింగ్ మీద తల ఆనించి చాలాసేపు లేవలేదు.

మా ఆయన బానెట్ ఎత్తారు. టంకం చెక్కుచెదరలేదు.

"గింత మంచిగున్నదే. బావ చేతిది ఇంకేడ మిగల్లే. ఉండనిద్దామా?" అన్నారు.

ఉంచాలనే నాకూ ఉంది. కానీ ఆ డ్రైవర్‌కూ ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లు ఉంటారు.

"తీసెయ్యుండ్రి" అన్నాను.

కోసిన ముక్కను నా అరచేతిలో పెట్టారు. ఇంజిన్ వేడికి ఇంకా వెచ్చగా ఉంది. అది చల్లారేదాకా పిడికిలి విప్పలేదు.

ఈ కాగితాలు ఇంట్లోనే దాచండి, బయట ఎవరికీ చూపకండి. పదిమందిలో తన మాటెత్తితే మా అన్న సిగ్గుపడతాడు.