నల్లపెట్ట ఒంటి ఉడుకు

1982 జనవరి 19, మంగళవారం, ఉదయం ఏడున్నర. బోధన్‌లో మంచు దట్టంగా ఉంది. చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన మా పెరటిదాకా వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత నిన్న, జ్వరంతో పడుకున్న నా మనవరాలి పొట్ట మీద చేయి పెట్టగానే నాకు ఆ ఉదయమే గుర్తుకొచ్చింది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. తెగులు సోకి కోళ్లన్నీ చనిపోగా మా అవ్వకు రెండు పెట్టలే మిగిలాయి. పుంజు చావకముందు పెట్టిన పదకొండు గుడ్లను నల్లపెట్ట పద్దెనిమిది రోజులుగా పొదుగుతోంది. మంద మళ్లీ నిలవాలంటే ఆ గుడ్లే ఆధారం. గుడ్లు లేకున్నా పొదగడానికి కూర్చున్న ఎర్రపెట్టను అవ్వ ముందురోజే బకెట్ నీళ్లలో మూడుసార్లు ముంచి, గంప కింద మూసింది. ఎందుకని అడిగాను.

"ఒళ్లు కాలుతున్నది బిడ్డా. గిట్ల ముంచితే దిగుతది."

ఆ ఉదయం అవ్వ చెరకు కొట్టడానికి పోయాక నల్లపెట్ట పొట్ట తాకి చూశాను. అదీ కాలుతోంది, వేసిన గింజలు ముట్టలేదు. జ్వరమే అనుకొని, లెక్కపెట్టి మూడుసార్లు ముంచి, గంప కింద మూశాను.

అవ్వ చీకటి పడ్డాకే ఇంటికొచ్చింది; మరునాడు పొద్దున చూసేసరికి గుడ్లు చల్లబడిపోయాయి.

"దానికి జరమొచ్చిందవ్వా, నేనే దించిన," అన్నాను.

అవ్వ ఒక గుడ్డును చెంపకు ఆనించుకుంది. "జరం గాదు బిడ్డా. గది పిల్లలకిచ్చే ఉడుకు. ఎర్రదానికి గుడ్లు లేవు గాబట్టి దించిన."

తిట్టలేదు. నల్లపెట్ట మళ్లీ ఆ గుడ్ల మీదే కూర్చుంది. పిల్లలు రావాల్సిన ఇరవై ఒకటో రోజు గడిచింది. ముప్పయ్యో రోజున అవ్వ బకెట్ నింపి నన్ను పిలిచింది.

"ఇప్పుడు ముంచు బిడ్డా."

ముంచాను. దాని పొట్ట అప్పటికీ వేడిగానే ఉంది.

గుడ్లు పదకొండు. పిల్ల ఒక్కటీ లేదు.