చెవుల వెనక

నా చిన్నప్పుడు, మహారాష్ట్రలోని బల్లార్‌పూర్ బొగ్గుగని క్వార్టర్లలో, పిల్లల ఒంటి మీద ఏం లేచినా పెద్దలది ఒకటే మాట: అమ్మవారు పోసింది. గుమ్మానికి వేపమండ కట్టేవాళ్ళు. ఇంట్లో పోపు పడేది కాదు. బయటివాళ్ళు గడప తొక్కకూడదు, పిల్లను గడప దాటించకూడదు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఆటలమ్మ వస్తే అలాగే చేశారు, తగ్గిపోయింది. ఇక మా నాయనమ్మకు పట్టపగ్గాలు లేవు.

నా పొక్కులు ఇంకా పక్కు కట్టి రాలుతుండగానే మూడేళ్ళ తమ్ముడికి జ్వరం వచ్చింది. దగ్గు, కారే ముక్కు, ఎర్రటి కళ్ళు. నాలుగో రోజుకు ఒళ్ళంతా పేలింది. నాయనమ్మ మళ్ళీ వేపమండ కట్టింది.

పక్కింటి అక్క దవాఖానలో నర్సు. మరాఠీ ఆమె, మా మధ్య ఉండి తెలుగు నేర్చింది. గడప అవతలే నిలబడి, వాణ్ణి తెమ్మని, నా చేయీ వాడి చేయీ పక్కపక్కన పెట్టించింది. నావి నీటి పొక్కులు. కొన్ని ఎండి రాలాయి, కొన్ని ఇంకా పక్కు కట్టి ఉన్నాయి. వాడివి నీరు లేని ఎర్ర మచ్చలు; చెవుల వెనక మొదలై ముఖం మీదుగా కిందికి దిగాయి.

"అజ్జీ, ఇది ఆటలమ్మ కాదు. మేం గోవర్ అంటం, మీరు తట్టు అంటరు. కండ్లకు చెడ్డది. ఇప్పుడే దవాఖానకు తీసుకపోదాం."

"తల్లి ఇంట్ల ఉండంగ సూదులా? నీకేం తెలుసే పోరీ? పో!" అని లేచింది నాయనమ్మ. నాయిన తల వంచుకుని డ్యూటీకి పోయాడు. అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని లోపలికి పోయింది. అక్క పోతూ పోతూ నా చెవిలో చెప్పింది: "నల్లగుడ్డు మీద తెల్లగ కనబడితే నా దగ్గరికి ఉరుకు."

మర్నాడు నాయనమ్మ వాడి కళ్ళలో ఆకు పసరు పిండింది. పాపం, ఎంత గింజుకున్నాడో! ఆ మరుసటి పొద్దున ఆ తెలుపు నేను చూశాను. అక్క ఇల్లు పది అడుగులు. నేను పోలేదు. బయట చెబితే తల్లి నా కళ్ళు కూడా తీసుకుంటుందని నాయనమ్మ బెదిరించింది. నా కళ్ళు నాకు ముద్దయ్యాయి.

రెండు రోజులయ్యాక అక్కే ఆగలేక లోపలికి వచ్చి, తిట్లు తింటూనే వాణ్ణి ఎత్తుకుని ఉరికింది. ప్రాణం దక్కింది, చూపు దక్కలేదు. రెండు రోజుల ముందు తెస్తే ఏమన్నా చేసేవాళ్ళమని డాక్టర్ అన్నాడట. నాయనమ్మను నేను ఈ రోజుకీ క్షమించలేదు. కానీ ఆమె తెలియక చేసింది. నేను తెలిసీ పోలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఏ పిల్లకు ఒళ్ళు వెచ్చబడినా ముందు చెవుల వెనక చూస్తాను, కళ్ళు చూస్తాను, టీకాల కార్డు పట్టుకుని దవాఖానకు పోతాను. మొన్న మనవరాలికి ఎర్రగా పేలితే, మంచం మీద కూర్చున్న తమ్ముడే ముందు అడిగాడు: "అక్కా, చెవుల వెనక చూశినవా?"

చూశిన తమ్మీ, అన్నాను. ఆనాడు వాడి కంట్లో తెలుపు కూడా చూశానని మాత్రం ఇప్పటిదాకా వాడికి చెప్పలేదు.