చేట కింద పెట్టండి

మా ఊళ్ళో మెల్లగా మాట్లాడేవాళ్ళను ఎవరూ నమ్మరు. ఏదో దాస్తున్నారనుకుంటారు. నేను మా వరండాలో నిలబడి పిలిస్తే వీధి చివరింట్లో పొయ్యి దగ్గరున్న మనిషి కూడా "ఆఁ, వస్తన్నా" అంటుంది. చిలకలూరిపేట రోడ్డు మీద లారీల రొదతో పోటీపడి పెరిగిన గొంతులు మావి. అలాంటి నేను, ఏభై దాటిన తర్వాత, నోరు మూసుకుని నేర్చుకోవలసిన భాష కోసం ఆన్‌లైన్ క్లాసులో చేరాను.

కారణం మా కోడలు. ఆ పిల్లకు పుట్టుకతోనే వినపడదు. వాళ్ళది చీరాల, చేనేత కుటుంబం. మా వాడు స్పిన్నింగ్ మిల్లులో మెకానిక్కు. స్నేహితుడి పెళ్ళిలో ఆ పిల్లను చూశాడు, ఫోనులో వీడియోలు పెట్టుకుని సైగల భాష నేర్చుకున్నాడు, అంతా అయ్యాక మాకు చెప్పాడు. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" అనే సామెతను అప్పటిదాకా రోజుకొక్కసారైనా వాడేదాన్ని, ముఖ్యంగా మా ఆయన మీద. సంబంధం ఖాయమైన రోజే దాన్ని మానేశాను. అయినా మా ఆయన చెవులకు ఏ లోపమూ లేదు, వినడు, అంతే.

పెళ్ళయి ఇంటికొచ్చాక చూస్తే, ఆ పిల్లతో అందరికన్నా తేలిగ్గా కలిసిపోయింది ఆయనే. ఆయనకు మాటలతో ఎప్పుడూ పెద్ద అవసరం లేదు. పొలం నుంచి వస్తూ రెండు దోసకాయలు తెచ్చి చూపిస్తాడు. ఆ పిల్ల నవ్వి తీసుకెళ్ళి పప్పులో వేస్తుంది. అక్కడితో ఇద్దరి కబుర్లూ పూర్తి. నాకలా చాలదు. మనిషి ఎదురుగా ఉంటే మాట కావాలి. పక్కింటి గేదె ఈనిన సంగతి దగ్గర్నుంచి నా మోకాలి నొప్పి దాకా చెప్పాలి, వాళ్ళు చెప్పేది వినాలి. మా వాడు ఎదురుగా ఉన్నంతసేపూ ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చేరవేసేవాడు. కానీ వాడిది షిఫ్టుల ఉద్యోగం. పగటి షిఫ్టయితే ఇంట్లో ఉండడు, రాత్రి షిఫ్టయితే పగలంతా నిద్రపోతాడు. మెలకువగా ఉండేది మేమిద్దరమే. అత్తాకోడళ్ళు పోట్లాడుకోవడానికైనా ఒక భాష ఉండాలి కదా.

వాడే నన్ను క్లాసులో చేర్చాడు. వారంలో కొన్ని సాయంత్రాలు, ఫోనులో చిన్న చిన్న గళ్ళు, గడికొక మనిషి. టీచరుకు కూడా వినపడదు. ఆవిడ సైగలను మాటల్లోకి, మా మాటలను సైగల్లోకి మార్చి చెప్పే అమ్మాయి ఇంకో గడిలో ఉంటుంది. మొదటి రోజంతా మర్యాదలతోనే సరిపోయింది. గొంతు కట్టేసుకోవాలి. కెమెరా ఆపకూడదు, ఆపితే చెప్పకుండా లేచి వెళ్ళినట్టే. వెలుతురు మన ముఖం మీద పడాలి. తల నుంచి నడుము దాకా కనపడాలి. ఏదైనా చెప్పాలంటే చెయ్యెత్తి ఊపాలి, అరిస్తే ఆవిడకు చేరదు. ఎవరైనా బాగా చేస్తే రెండు చేతులూ పైకెత్తి అరచేతులు తిప్పాలి, అవే చప్పట్లు.

మొదటి క్లాసు కదా అని నేను ఎర్రపూల చీర కట్టుకుని, చేతులనిండా గాజులేసుకుని, పెళ్ళివారి ముందు కూర్చున్నట్టు కూర్చున్నాను. ఆ పూల మధ్య నా చేతులు కనపడటం లేదన్నారు. నల్లపాడు నుంచి ఒకాయన చేరాడు. మూడేళ్ళ కూతురికి వినపడదట. పాపం, కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ఆయన గడిలో నల్లటి నీడ తప్ప ఏమీ లేదు. టీచరు జరగమంటే, జరగకుండా "సారీ మేడం, సారీ మేడం" అని నోటితో మొత్తుకుంటూనే ఉన్నాడు. గొంతు కట్టేసుకోమన్నారు కదా, మార్చి చెప్పే అమ్మాయి వాటిని సైగల్లోకి మార్చలేదు. ఆవిడకు ఒక్క ముక్కా చేరలేదు. ఆయన కుర్చీ తిప్పేదాకా ఓపిగ్గా చూస్తూ ఊరుకుంది. మర్నాడు మా కోడలు తన పెట్టెలోంచి పువ్వూ బుటా లేని ముదురు నీలం చీర తీసి నా చేతిలో పెట్టింది. వాళ్ళమ్మ నేసిన చీర. ఆ తర్వాత ప్రతి క్లాసుకూ అదే కట్టుకున్నాను.

ఇంతవరకూ బాగానే ఉంది. నాకు కుదరనిది వేరే ఒకటుంది.

మాకు కొద్దిగా మిర్చి పొలం ఉంది. పండిన కాయలో కొంత మార్కెట్ యార్డుకు తోలకుండా ఉంచుకుని, ఎండబెట్టి, తొడిమెలు తీసి, తెలిసినవాళ్ళకు కాయగానూ కారంగానూ అమ్ముతాం. ఎండాకాలమంతా మా వరండాలో అదే పని. మా వైపు ఆడవాళ్ళ కబుర్లన్నీ చేటల మీదే నడుస్తాయి. చేతులు తొడిమెలు గిల్లుతుంటాయి, కళ్ళు కాయల మీద ఉంటాయి, నోరు దాని దారిన అది పోతుంటుంది. ఒకరి ముఖం ఒకరు చూసుకోం. ఎవరైనా కష్టం చెప్పుకుంటున్నప్పుడైతే అసలే చూడం. ముఖంలోకి చూస్తే చెప్పే మనిషికి గొంతు పట్టేస్తుంది. తల దించుకుని, తొడిమెలు తీసుకుంటూ, "ఊఁ" కొడుతూ వినాలి. అది మా మర్యాద. మా అమ్మ నాకు నేర్పింది అదే.

అందుకని క్లాసుకు కూడా నేను చేటతోనే కూర్చునేదాన్ని. మిర్చి టిక్కీ మీద, అంటే కాయల బస్తా మీద, ఫోను నిలబెట్టి, ఫోనులో కనపడకుండా చేట ఒళ్ళో పెట్టుకునేదాన్ని. టీచరు ఒక సైగ చూపిస్తే చూసి, తల దించి రెండు కాయలు గిల్లి, మళ్ళీ తలెత్తేదాన్ని. ఆ రెండు కాయల్లో ఒక వాక్యం దాటిపోయేది. పక్కింటి వదిన నా పక్కనే తన చేటతో కూర్చుని, "అదిగో, చెయ్యి ఇట్టా తిప్పింది. కాదు కాదు, అట్టా!" అని అందించేది.

ఒకరోజు కంటి దగ్గరికి వేలు వెళ్ళే సైగ ఏదో వచ్చింది. అప్పటిదాకా కాయలు గిల్లిన వేలు అది. ఇంక చెప్పేదేముంది, కన్ను భగ్గుమంది. ముక్కూ కన్నూ ఏకమయ్యాయి. గళ్ళలో ఉన్న మనుషులందరూ చేతులాపేసి నన్నే చూస్తున్నారు.

"మీరెందుకు ఏడుస్తున్నారని టీచర్ అడుగుతున్నారండీ," అంది మాటలు చెప్పే అమ్మాయి.

"ఏడవట్లేదమ్మా, మిరపకాయ!" అని అరిచాను. వదిన చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముఖాన కొట్టింది. ఆ హడావిడిలో చేట బోర్లా పడి, కాయలన్నీ ఫోను ముందు పరుచుకున్నాయి. నా గుట్టు బయటపడింది.

టీచరు నవ్వింది. నవ్వడం అయిపోయాక చెప్పింది. "చేట కింద పెట్టండి. చేతులు ఖాళీగా ఉండాలి. అంతకన్నా ముఖ్యం, నేను మాట్లాడేటప్పుడు మీరు తల దించితే నా నోరు మూసినట్టు."

"మా చేతులు ఊరికే ఉంటే తిన్నది అరగదమ్మా," అన్నాను. కూతురి వయసున్న పిల్ల నాకు కూర్చోవడం నేర్పుతోందని ఒళ్ళు మండింది. కంటి మంటకు ఇది తోడు. కానీ క్లాసు వాళ్ళది. ఆ రోజు నుంచి క్లాసు జరిగినంతసేపూ చేట పక్కన పెట్టాను. అయిపోగానే మళ్ళీ ఒళ్ళోకి తీసుకునేదాన్ని.

పట్టుదల మనిషిని, నేర్చుకున్నాను. అన్నం, నీళ్ళు, నిద్ర, ఎండ, ధర, కోపం, బాగుంది, బాగాలేదు, ఇలాంటివన్నీ చేతికొచ్చాయి. సాయంత్రం కోడలు ఎదురుగా కూర్చుంటే వాటిని ఒక్కొక్కటీ ప్రయోగించేదాన్ని. ఆ పిల్ల సంతోషంగా ఏదో మొదలుపెట్టేది. ఒక మాట అందితే ఆ ధీమాతో నేను మళ్ళీ చేట మీదికి తల దించేదాన్ని. తలెత్తేసరికి ఆ చేతులు ఆగిపోయి ఉండేవి. "చెప్పు, చెప్పు" అని సైగ చేస్తే "ఏం లేదు" అనేది. 'ఏం లేదు' సైగను నేను క్లాసులో నేర్చుకోలేదు, కోడలి దగ్గరే నేర్చుకున్నాను, అన్నిసార్లు చూశాను.

మెల్లగా ఆ పిల్ల వరండాలో కూర్చోవడం తగ్గించింది. పని ముగించుకుని గదిలోకి వెళ్ళి చీరాల స్నేహితులకు వీడియో కాల్ చేసేది. తలుపు సందులోంచి చూస్తే ఆ చేతులు గాలిలో ఎగురుతుండేవి, ముఖమంతా నవ్వు. ఇంట్లో మనిషికి ఇవ్వని కబుర్లు ఊరవతలి వాళ్ళకు ఇస్తోందని నాకు కడుపు మండింది. దాచుకోవడం దేనికి, అసూయే.

అప్పుడు మా వాడు చెప్పాడు. "అమ్మా, చీరాల్లో ఇల్లు చూస్తన్నాం. అక్కణ్ణించి బస్సులో మిల్లుకి పోయొస్తా."

"ఏరా, ఇక్కడేం తక్కువైందిరా?"

"తక్కువని కాదులే. దానికి ఇక్కడ మాట్లాడే మనిషి లేదు."

"నేను లేనా? ఈ వయసులో క్లాసుకెళ్ళి మరీ నేర్చుకుంటన్నా గదరా!"

వాడు టిఫిన్ క్యారియర్ తీసుకుని షిఫ్టుకు వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చింది, ఈసారి మిరపకాయ లేకుండానే. ఇంట్లో ఉన్న మాటలన్నీ నేర్చుకుని కూడా ఆ పిల్లకు నేను మనిషి లెక్కలోకి రాలేదంటే, ఇంకేం చేయాలో తెలియలేదు.

ఆ తర్వాతి క్లాసులో పేర్ల గురించి చెప్పారు. సైగల భాషలో ఒక్కొక్క మనిషికీ ఒక సైగ పేరుగా ఉంటుందట. దాన్ని ఎవరికి వారు పెట్టుకుంటే మర్యాద కాదట. వినపడనివాళ్ళు మనల్ని చూసి, మనలో వాళ్ళకు కనపడినదాన్నిబట్టి ఇవ్వాలి. మీకు తెలిసినవాళ్ళను అడిగి తెచ్చుకోండి అంది టీచరు.

ఇంట్లోనే తెలిసిన మనిషి ఉండగా నాకేం లోటు? సాయంత్రం కోడల్ని అడిగాను. నన్ను చూపించుకుని, 'పేరు' అని, 'ఏమిటి' అన్నాను. ఆ పిల్ల మా వాడి వంక చూసింది. వాడు గుమ్మంలో బూట్లు వేసుకుంటున్నాడు.

"నీకెప్పుడో పెట్టిందే అమ్మా," అని నవ్వాడు.

"ఏదీ, చూపియ్యమను."

వాడి నవ్వు ఆగిపోయింది. "ఎందుకులే, పేరే గదా."

"చూపియ్యమంటన్నానా!"

కోడలు చూపించింది. గడ్డం గుండెకు తగిలేలా తల పూర్తిగా వంచింది. ఎడమ అరచేయి చేటలా పట్టింది. కుడిచేతి బొటనవేలితో, చూపుడువేలితో ఆ చేటలోంచి తొడిమె గిల్లింది. గిల్లడం అయ్యేదాకా తల ఎత్తలేదు.

"అచ్చం నువ్వేనే వదినా!" అని చేటతో పక్కనే కూర్చున్న పక్కింటి వదిన పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పిల్ల వెక్కిరించలేదు, అందులో కల్మషం లేదు. చూసింది చూసినట్టు పెట్టింది. లోపలికెళ్ళి చేతులు కడుక్కుంటుంటే అప్పుడు తగిలింది నాకు. ఆ పిల్ల చీరాల స్నేహితులందరికీ నేను ముఖం లేని అత్తను. మా అమ్మ నేర్పిన మర్యాదే ఆ పిల్లకు నోటి మీద చెయ్యి అయింది. రెండు మర్యాదలు ఎదురుపడితే ఒకటి పక్కకు జరగాలి. మా ఊళ్ళో నాకు మాట్లాడటానికి బోలెడుమంది ఉన్నారు. ఆ పిల్లకు లేరు. కాబట్టి జరగాల్సింది నేనే.

మర్నాడు కోడలు వరండాలోకి వచ్చే వేళకు చేటలన్నీ లోపల పెట్టించాను. చేతులు సబ్బుతో రుద్ది కడుక్కుని, కుర్చీ ఆ పిల్లకు ఎదురుగా తిప్పి కూర్చున్నాను. చేతులనేం చేసుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాను. ఆ పిల్ల అనుమానంగా చూసి, 'ఏమైంది' అని అడిగింది. నేను 'ఏం లేదు' అన్నాను. ఆ సైగ తనదేనని గుర్తుపట్టి నవ్వేసింది.

కాసేపటికి చెప్పడం మొదలుపెట్టింది. నేను కళ్ళు తిప్పలేదు. అర్థం కాని చోట ఆపి అడిగాను, ఆ పిల్ల మళ్ళీ చేసింది. అప్పుడు తెలిసిందేమిటంటే, ఆ పిల్లకు రాత్రిళ్ళు సరిగా నిద్ర లేదు. వినపడని పిల్లను లారీల రొద ఏం చేస్తుందిలే అని, మేము తెలివిగా రోడ్డువైపు గది ఇచ్చాం. లారీ పోయినప్పుడల్లా గోడ అదురుతుంది, మంచం అదురుతుంది, దిండులోంచి తలకు తెలుస్తుంది. మా చెవులు ఎప్పుడో మొద్దుబారిపోయాయి, ఆ పిల్ల ఒళ్ళు అలవాటుపడలేదు. మా వాడితో అంటే "అమ్మతో చెప్పు" అన్నాడట, గదుల పెత్తనం నాది కాబట్టి. నాతో అంతకుముందు చెప్పబోయిందట. నేను కాయల్లో ఉన్నాను.

ఆ సాయంత్రమే వెనక గదిలోని మిర్చి టిక్కీలు రోడ్డువైపు గదిలోకి, మంచం వెనక గదిలోకి మార్పించాను. ఎంత కడిగినా ఘాటు పోక, కొన్నాళ్ళు మొగుడూ పెళ్ళాలు ఒకరి తర్వాత ఒకరు తుమ్మారు. కానీ కోడలు నిద్రపోయింది. రోజూ సాయంత్రం ఎదురెదురు కుర్చీలు వేసుకోవడం మాకు అలవాటైంది. చీరాల ఇంటి ఊసు మళ్ళీ మా వాడు ఎత్తలేదు. నేనూ గుచ్చి అడగలేదు.

క్లాసుల చివరి రోజు ఇంట్లోవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకోమన్నారు. నల్లపాడు ఆయన పాపను ఒళ్ళో పెట్టుకుని, వెలుతురుకు ఎదురుగా బుద్ధిగా కూర్చున్నాడు. నేను నీలం చీరలో, కోడలు నా పక్కన. టీచరు నా పేరు అడిగింది. నేను తల వంచి, ఎడమ అరచేయి చేటలా పట్టి, తొడిమె గిల్లబోయాను.

కోడలు నా గడ్డం కింద వేలు పెట్టి తల పైకెత్తింది. ఇలా, అన్నట్టు చూసింది. నేను తొడిమె తీయడం అయ్యేదాకా ఆ వేలు అక్కడే ఉంచింది.