జమ్మి పెట్టే చెయ్యి ఒక్కటే

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో, మా ఇంట్లో ముసలివాళ్లకు కరువు లేదు. తాత, నానమ్మ, పిల్లల్లేని చిన్నతాత, ఆయన భార్య. అందరికంటే పెద్దది తాత అక్క, చిన్ననాడే మొగుడు పోయి పుట్టింటికి చేరిన పెద్దవ్వ. వీళ్లందరికీ కలిపి మా నాన్న ఒక్కడు, నాన్నకు నేనొక్కదాన్ని. పళ్లు లేనివాళ్ల కోసం అన్నం మెత్తగా, కూర ఇంకా మెత్తగా వండేవారు. నాకూ అదే తిండి. కరకరలాడేది ఏదైనా తినాలంటే పక్కింటికి పోవలసిందే.

గోడల మీద కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణాలు గీస్తున్న రోజులవి. ఆ ఏడు దసరాకు ముందు నాన్న దవాఖానకు పోయి, ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆబిడ్స్‌లో బట్టల దుకాణం గుమాస్తా జీతంతో ఇందరు ముసలివాళ్లుండగా ఇంకో బిడ్డను ఎట్లా సాకుతామని అమ్మ పక్కింటామెతో అంటుంటే విన్నాను. ఇక తమ్ముడు రాడు, చెల్లె రాదు. వీళ్లంతా మంచాన పడితే చూసేదెవరు? నేనే. ఆ రోజు నుంచి ఎవరు దగ్గినా నాకు భయమే.

దసరా సాయంత్రం నాన్న మొజంజాహీ మార్కెట్ నుంచి జమ్మి కొమ్మ తెచ్చాడు. చిన్నవాళ్లు పెద్దల చేతిలో జమ్మాకు పెట్టి కాళ్లు మొక్కాలి. పక్కిళ్లలో పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ మొక్కుతున్నారు. మా ఇంట్లో ముసలివాళ్లంతా వరసగా కూర్చుని నాకోసం చేతులు చాపారు.

చివరన పెద్దవ్వ. అప్పటికే ఆమెకు చూపు ఆనదు, మతి కూడా తప్పుతోంది. నేను ఆకు పెట్టాను. ఆమె దాన్ని తిరిగి నా చేతిలోనే పెట్టి, వంగి నా కాళ్లు మొక్కింది.

పెద్దవాళ్లు మొక్కితే చిన్నవాళ్లకు ఆయుష్షు తగ్గుతుందంటారు. నానమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. అమ్మ నన్ను వెనక్కి లాగబోయింది. పెద్దవ్వ నా పాదాలు వదల్లేదు.

“అవ్వా, నన్ను గీడ ఇడ్సిపెట్టి పోకే,” అంది.

నన్ను తన కన్నతల్లి అనుకుంది. ఆయుష్షు సంగతి నాకు తట్టనే లేదు. ఎవరైనా వచ్చి విడిపిస్తారేమోనని అమ్మ వైపు, నాన్న వైపు చూశాను. వాళ్లూ నన్నే చూస్తున్నారు.

“యాడికీ పోను, బిడ్డా,” అన్నాను.